ఎర్ర గుర్తు పడిన పది కట్టలు

"దొరకలేదు" అనే ఒక్క మాట చెప్పడానికి నేను మూడు వారాలు సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు మూలంగా మా కోడలి కంప్యూటర్లు ఐదూ పాత ఇనుము బండి ఎక్కబోయాయి. అది ఎట్లా జరిగిందో నేను చెబుతున్నాను, రాసేవాళ్ళు రాస్తున్నారు. నా గొంతు బొంగురు. మరమగ్గాలను మేం సాంచాలంటాం. ఆ సాంచాల మధ్య ముప్పై ఏళ్ళు అరిచి మాట్లాడితే ఎవరి గొంతైనా ఇట్లాగే అవుతుంది. నెమ్మదిగా చెప్పమంటే నాకు రాదు.

మాది సూరత్‌లో పాండేసర పక్కన ఒక వాడ. వాడంతా మన తెలంగాణ నేతపనివాళ్ళే. మా ఆయన ఇక్కడే సాంచా నడిపి, ఇక్కడే పోయాడు. కొడుకూ కోడలూ తాపీ నది అవతల అమ్రోలిలో ఉంటారు, కొడుకు పనిచేసే సాంచాలు అక్కడున్నాయి కనుక. నన్నూ రమ్మన్నారు. నేను పోలేదు. ఈ వాడలో నాకు రెండు పదవులున్నాయి మరి: మా నేతపనివాళ్ళ సంఘం హాలు ఊడవడం ఒకటి, ఆ హాలు తాళంచెవి బొడ్డున దోపుకుని తిరగడం ఇంకొకటి. మిగతా పొద్దంతా చీరలకు లేసు కుడతాను. అమ్రోలిలో ఒక సేటు దగ్గర చీరల కట్ట తెచ్చుకుంటాను, ఇంట్లో కూర్చుని కుడతాను, తీసుకుపోయి ఇచ్చి ఇంకో కట్ట తెచ్చుకుంటాను. అట్లా వారానికోసారి కోడలినీ చూసి వస్తాను.

కోడలు సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. ఒక మాట తెలుగు, ఒక మాట హిందీ, కోపం వస్తే గుజరాతీ. వరాఛాలో ఒక వజ్రాల ఆఫీసుకు ఇంటి నుంచే టైపు పని చేస్తుంది. ఆ ఆఫీసువాళ్ళు కొత్త కంప్యూటర్లు కొన్నప్పుడు పాతవి ఐదు తనకిమ్మని అడిగింది. పెళ్ళయ్యాక ఆ పిల్ల నోరు తెరిచి ఎవరినైనా ఏదైనా అడిగింది అదే మొదటిసారి. వాళ్ళ ఇంట్లో జాగా లేక మా హాలు పక్క గదిలో పెట్టించింది. ప్రతి ఆదివారం వచ్చి మా వాడ ఆడవాళ్ళకు ఏడుగురికి కంప్యూటర్ నేర్పేది. చిన్నప్పటి నుంచి టీచర్ కావాలని దాని కోరిక. ఆ ఏడుగురిలో నేను లేను. నేను వాకిట్లో కూర్చుని చెప్పులకు కాపలా.

ఇక సంఘం పెద్ద సంగతి. మా ఆయనా అతనూ పక్కపక్క సాంచాల మీద పనిచేశారు. నన్ను వదినె అంటాడు. వరసకు మరిది కాబట్టి ఎంత మాటైనా అంటాడు, ఎంత మాటైనా పడతాడు. వానలు తగ్గే రోజుల్లో ఒక ఆదివారం వచ్చి గది గుమ్మంలో నిలబడ్డాడు.

"వదినే, నీ కోడలి డబ్బాలు వారంల ఒక్క దినం పనిచేస్తయ్. ఆరు దినాలు ఊకె పండుకుంటయ్. బతుకమ్మ సామాను నేను యాడ పెట్టాలె?"

"ఆరు దినాలు నువ్వేం చేస్తున్నవ్ మరిదీ? నిన్ను యాడ పెట్టాలె?"

లోపల ఏడుగురూ నవ్వారు. ఆయన నవ్వలేదు. అప్పుడు కోడలు లేచి వచ్చింది.

"మామయ్యా, వీటికి రోజూ నడిచే కామ్ నేను తెస్త. దునియా మొత్తం చేస్తున్న కామ్."

"ఏం కామే గది?"

"చాలా ఏండ్ల కింద పెద్ద యుద్ధమైంది గద. అప్పుడు సముద్రంల పడవ మీదికెళ్ళి ఒకాయన ఖబర్ పంపిండు. దుష్మన్లు చదవకుండ అక్షరాలన్నీ తారుమారు చేసి, తాళం ఏసినట్టు పంపిండు. గా ఖబర్ ఇప్పటిదాంక ఎవ్వరూ చదవలే. ఏ తాళంచెవి పడుతదో తెల్వదు, చెవులేమో లెక్కలేనన్ని. అందుకని జనం వాళ్ళ వాళ్ళ కంప్యూటర్లు ఖాళీగున్నప్పుడు తలా కొన్ని చెవులు పెట్టి చూస్తున్నరు."

"పైసలిస్తరా?"

"ఇయ్యరు."

"చదివితే మనకేమొస్తది?"

"పడవాయన ఏం చెప్పిండో తెలుస్తది."

"గాయన ఉన్నడా?"

"ఎక్కడుంటడు మామయ్యా, ఎప్పుడో పోయి ఉంటడు."

"గాయనకే లేని తొందర నీకెందుకే?"

ఆయనకు అర్థం కాలేదు కానీ నాకు వెంటనే అర్థమైంది. ఇది మా లేసు పనే. సేటు దగ్గర కొండంత చీరలుంటాయి. ఒక్కరు కూర్చుంటే ఈ జన్మలో తెమలదు. అందుకని కట్టలు కట్టి ఇంటికొకటి పంచుతాడు. ఎవరింట్లో వాళ్ళు వంట మధ్యలో, టీ మధ్యలో కుట్టి తెచ్చిస్తారు. చీరల బదులు తాళంచెవులు, అంతే కదా. ఆ మాటే చెప్పాను. కోడలు నన్ను కావలించుకుంది. "సమ్‌జీ గయా! చూసినవా మామయ్యా, అత్తమ్మకు ఒక్క మాటల తెలిసిపోయింది!"

మరిది మెత్తబడ్డాడు కానీ రెండు షరతులు పెట్టాడు. ఒకటి, హాల్లోకి నెట్ రాకూడదు. "నెట్ అచ్చిందంటే మొగోళ్ళంత సాంచాలిడిచిపెట్టి ఈడ్నే కూసుంటరు. ముందు నేనే కూసుంట." రెండోది, ఈ పని చేసేవాళ్ళ పేర్లన్నీ ఒక పట్టీలో పడతాయని కోడలు చెప్పింది కదా, ఆ పట్టీలో మా హాలు పేరు చూపించాలి. "బతుకమ్మ ముందటి ఆదివారం దాంక టైము. లేకుంటే భంగార్‌వాలాను పిలుస్త." ఇక్కడ పాత ఇనుము కొనేవాణ్ణి భంగార్‌వాలా అంటారు.

నెట్ లేని కంప్యూటర్లతో దునియా పని ఎట్లా? దానికీ కోడలు దారి చూసింది. అమ్రోలిలో తన ఇంట్లో నెట్ ఉంది. అక్కడ తాళంచెవుల కట్టలు దింపి, పది పెన్‌డ్రైవ్‌లలో నింపింది. వేలెడు కూడా ఉండవు అవి. ఒకదాన్నొకటి పోలి ఉన్నాయని, నా లేసు పనిలో మిగిలిన రంగుదారాలు ఒక్కోదానికి ఒక్కో రంగు కట్టాను. అవన్నీ చీరల మూటలో పెట్టుకుని నేను సిటీ బస్సులో తాపీ దాటాను. నెట్ చేయాల్సిన పని నేను కిటికీ పక్క సీట్లో కూర్చుని, సెనగలు తింటూ చేశాను. అమ్రోలిలో నింపినవి హాలుకు తీసుకుపోవాలి, హాల్లో తేలినవి తిరిగి అమ్రోలికి తేవాలి.

పొద్దున్నే హాలు ఊడ్చి, కంప్యూటర్లు ఐదూ పెట్టేదాన్ని. పెన్‌డ్రైవ్ గుచ్చడం, తాళం బొమ్మ మీద రెండుసార్లు నొక్కడం, అంతే నా పని. నల్లటి తెర మీద ఒక గీత మెల్లగా నిండుతూ పోతుంది. సాయంత్రం దీపం వేళకు ఆపేస్తే, మర్నాడు ఆగిన చోటి నుంచే మళ్ళీ నడుస్తుంది. ఎక్కడైనా మొరాయిస్తే గుండ్రంగా తిరిగే బాణం బొమ్మ నొక్కితే మొదటి నుంచి మొదలవుతుంది. ఇవన్నీ కోడలు నిదానంగా నేర్పింది. ఒక్క సంగతి మాత్రం బస్‌స్టాండులో, బస్సు కదులుతుంటే చెప్పింది. "చెవి దొరికితే పచ్చ గుర్తు పడుతది అత్తమ్మా, దొరకకుంటే ఎర్ర గుర్తు పడుతది! ఏదైనా టెన్షన్ నహీ లేవాను!"

నాలుగో రోజు పసుపుదారం కట్ట నిండింది. గబగబా చేతులు తుడుచుకుని పోయి చూశాను. ఎర్ర గుర్తు.

ఎర్ర గుర్తు అంటే ఏమిటో చీరల పని చేసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. సేటు దగ్గర ఒక పెద్ద బల్ల ఉంటుంది. మనం కుట్టి తెచ్చిన చీరలు ఆ బల్ల మీద పరిచి, ఒకడు ఎర్ర సుద్దముక్క పట్టుకుని చూస్తాడు. కుట్టు తప్పినా, లేసు ముడతపడినా అంచు మీద ఎర్రగా గీత గీస్తాడు. ఆ చీర మంచి మాలులో కలవదు. సరిచేసి తేవాలి. సరిచేయకుండా కట్టలో కలిపి పంపామో, సేటు పదిమందిలో దాన్ని విప్పి పట్టుకుని "యే కిస్‌కా హై?" అని, అంటే ఇదెవరిదని, అడుగుతాడు. నాకు ఒకసారి అయింది. గులాబీ రంగు చీరకు నారింజ లేసు కుట్టాను, కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోయి. ఆ చీర పట్టుకుని సేటు అడిగిన మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

అందుకని పసుపుదారం కట్టను పక్కన పెట్టాను. మర్నాడు నీలం దారం. ఎర్ర గుర్తు. తర్వాత ఆకుపచ్చ దారం. దాని మీద కూడా ఎర్ర గుర్తే. పది కట్టలూ అయ్యేసరికి పదికి పదీ ఎర్రవే. నా ముఖం చిన్నబోయింది. దునియా మొత్తం చేస్తున్న పని, మా హాలు నుంచి పోయే మొదటి మాలు, అంతా డ్యామేజి! ఇవి ఇట్లాగే పంపితే అవతలివాళ్ళు మా కోడలిని ఎంత మాటంటారు? ఎవరో తెలియని పెద్ద సేటు, ఏ దేశంలోనో, నలుగురిలో విప్పి చూపించి "యే కిస్‌కా హై?" అంటే?

నూలు మంచిదై బట్ట చెడితే సాంచా మార్చి చూడమనేవాడు మా ఆయన. నేనూ అదే చేశాను. గుండ్రటి బాణం నొక్కి, ఈ కంప్యూటర్ కట్ట ఆ కంప్యూటర్‌కు, దాని కట్ట దీనికి మార్చి మొదటి నుంచి నడిపించాను. ఐదింటి గుణమూ నాకు అప్పటికి తెలిసిపోయింది. తలుపు పక్కది సోమరిపోతు. మధ్యది బీడీలు తాగేవాడిలా దగ్గుతుంది. కిటికీ పక్కది బుద్ధిమంతురాలు, దానికి కొంచెం ఎండ తగులుతుంది, చప్పుడు చేయదు. చివరికి రెండు కట్టలు మూడోసారి కూడా దానికే పెట్టాను. "నువ్వన్నా మర్యాద నిలబెట్టవే" అని బతిమాలాను. ఏం లాభం, దానికీ ఎర్రవే వచ్చాయి.

ఆదివారం కోడలు వస్తే, క్లాసు కోసమే కట్టలు తీసి పక్కన పెట్టానని చెప్పేదాన్ని. మిగతా రోజుల్లో ఫోన్ చేసేది.

"అయినయా అత్తమ్మా?"

"ఇంకా తిరుగుతున్నయ్ బిడ్డా."

"ఒక్కటి గూడ కాలే?"

"పాతయి గద. జర మెల్లగ తిరుగుతున్నయ్."

అబద్ధం ఆడుతుంటే నా గొంతు ఇంకా బొంగురుపోయేది. పది కట్టలనూ ఒక గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో దాచాను. ఒక్కటైనా పచ్చది తేలితే దాని కింద మిగతావి పెట్టి ఇద్దామని నా ఆలోచన. ఇంతలో మరిది రోజూ ఒకసారి హాలు ముందుకు వచ్చి, లెక్క చూసుకునేవాడిలా "ఇగ పది దినాలున్నది వదినే," "ఇగ ఆరు" అని చెప్పి పోయేవాడు.

ఆఖరి శనివారం చీరల మూట ఎత్తుకుని అమ్రోలి పోయాను. కోడలు బెండకాయలు కోస్తోంది. ఒక్కో ముక్క బొటనవేలంత. అది చక్రాల్లా సన్నగా కోసే పిల్ల. ఆ ముక్కలు చూడగానే దాని మనసు బాగాలేదని నాకు తెలిసిపోయింది.

"రేపు రావద్దని క్లాసోళ్ళకు చెప్పేసిన అత్తమ్మా," అంది తల ఎత్తకుండా. "మామయ్యకు ఏం చూపియ్యాలె? ఒక్క కట్ట వాపస్ పోతే చాలు, మన పేరు పడుతుండె. రేపు సాయంత్రం దాటితే ఆ పది కట్టలు గూడ వాళ్ళు వేరేటోళ్ళకు ఇచ్చేస్తరు. పోనీలే. పురానా మాల్. అయినా నేను ఎందుకడగాల్నో ఆఫీసులో."

ఆ చివరి మాటతో నా సిగ్గు ఎగిరిపోయింది.

"అయినయ్," అన్నాను.

"ఏమైనయ్?"

"కట్టలు. పదీ అయినయ్. రెండేసిసార్లు అయినయ్. కిటికీ పక్కదాని మీద ఒక రెండైతే మూడోసారి గూడ అయినయ్. ఏం చేసినా ఎర్రయే పడుతున్నయ్ బిడ్డా. ఒక్కటి గూడ పచ్చది రాలే. ఎట్ల తెచ్చియ్యను?"

కత్తి పట్టుకున్న చెయ్యి అట్లాగే ఆగిపోయింది. "అవి ఎక్కడున్నయ్ అత్తమ్మా?"

"బియ్యం డబ్బాల."

"ఓ మారీ మా!" అని గోడకు ఆనుకుని, మెల్లగా జారి కింద కూర్చుంది. ఏడుస్తోందనుకుని పోయి భుజం పట్టుకున్నాను. నవ్వుతోంది. నవ్వీ నవ్వీ బెండకాయల పళ్ళెం మీద కాలు పెట్టింది.

తేరుకున్నాక చెప్పింది. వరాఛాలో వజ్రాలు సానపట్టే చోట ఆవగింజంత రాయి కింద పడిందనుకో. ఫ్యాన్లు ఆపేస్తారు. ఎవరూ లేవరు. ఎవరి చుట్టూ ఉన్న నేల వాళ్ళు వెతుక్కుని, ఒక్కొక్కరే "నా దగ్గర లేదు" అని చెబుతారు. లేదన్న చోటు వదిలేసి మిగతా చోట వెతుకుతారు. "ఒక్కరు చెప్పకుండ ఊకె కూసుంటే, ఆ జాగా మళ్ళ వెతకాలె గద అత్తమ్మా? వీళ్ళకు గూడ అంతే. ఈ కట్టల చెవి లేదు అని మనం చెప్తే, వాళ్ళు ఆ కట్ట పక్కకు పెడతరు. లేదు అనేదే మన కామ్. అందరికీ ఎర్రయే వస్తయ్. పచ్చది దునియా మొత్తంల ఒక్కరికి, ఒక్కసారి వస్తది."

నాకు అర్థమైంది. అర్థమయ్యాక కోపం వచ్చింది.

"మరి ఎర్రది ఎందుకు పెట్టినవే? తెల్లది పెడితే ఏం పోయింది?"

"నేను పెట్టలే, వాళ్ళే పెట్టిండ్రు!"

"వాళ్ళకు చీరల పని తెల్వదు. చెప్పు వాళ్ళకు."

ఆదివారం పొద్దున మొదటి బస్సుకే ఇద్దరం పాండేసర వచ్చాం. చేటలో బియ్యం పోసి, చేతులు పెట్టి పది కట్టలూ ఏరుకున్నాం. హాలు దగ్గరికి పోయేసరికి భంగార్‌వాలా బండి గుమ్మం ముందే ఉంది. దగ్గే కంప్యూటర్ అప్పటికే బండెక్కి కూర్చుంది. రావద్దన్నా క్లాసు ఆడవాళ్ళు ఏడుగురూ వచ్చి గోడ వారన నిలబడ్డారు. మరిది ఇస్త్రీ చొక్కా వేసుకుని, తక్కువ తూకం వేస్తున్నాడని భంగార్‌వాలాతో తగువాడుతున్నాడు.

కోడలు నేరుగా ముందుకు నడిచింది. హాలు మెట్టు మీద కూర్చుని, ఫోన్ తీసి, దానికి ఒక చిన్న తోక తగిలించి, ఆ తోకకు పసుపుదారం కట్ట గుచ్చింది.

మరిది చూశాడు. "ఏయ్, నెట్ లోపటికి రావద్దన్న గద!"

"లోపటికి రాలే మామయ్యా, మెట్టు మీదున్న."

ఆయన వంగి గడప చూశాడు, మెట్టు చూశాడు. "గా కాలు గూడ బయట పెట్టు."

కోడలు కాలు బయట పెట్టింది. నేను దారం రంగు చూసి ఒక్కొక్కటి అందించాను. పసుపు పోయింది, ఆకుపచ్చ పోయింది, వంగపండు రంగు పోయింది. నీలం దారానిది మాత్రం నోట్లో తవుడు పట్టింది. ఊదాను, కొంగుతో తుడిచాను, మళ్ళీ ఊదాను. అది తెరుచుకోలేదు. తొమ్మిది పోయాయి.

అప్పుడు పట్టీ తెరిచి, బొటనవేలితో పైకి తోస్తూ పోయింది. పేర్ల మీద పేర్లు.

"ఎంత దూరం పోతున్నవే?"

"నీచే, మామయ్యా. ఇంకా కిందికి."

వేలు ఆగింది. మరిది కళ్ళద్దాలు పెట్టుకుని, ఫోన్‌ను చేతికందినంత దూరం పట్టుకుని, ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న మా హాలు పేరు కూడబలుక్కుని రెండుసార్లు చదివాడు. తర్వాత ఇంకొంచెం కిందికి చూశాడు.

"మన కింద గూడ ముగ్గురున్నరు!"

"ఉన్నరు మామయ్యా. ఏదో దూరం దేశమోళ్ళు."

"పాపం," అన్నాడు. చొక్కా కాలరు సర్దుకున్నాడు. అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. "తొమ్మిది కట్టలల్ల తాళంచెవి దొరికిందా మరి?"

"దొరకలే," అంది కోడలు.

"దొరకలేదా? ఏం దొరకకుండనే పేరేసిండ్రా? గిదేం పని? రేపు ఎవడన్నా అడిగితే నేనేం చెప్పాలె?"

ఆయన చెయ్యి భంగార్‌వాలా వైపు లేచింది. కోడలు వజ్రాల సంగతి ఎత్తుకోబోయింది. ఆయనకు వజ్రాలతో పని లేదు. నేనే ముందుకు వచ్చాను.

"మరిదీ, మీ అన్న సాంచా మీద పోగు తెగి, ఎక్కడ తెగిందో తెల్వకుంటే ఏం చేస్తుండె?"

"వెతుకుతుండె."

"ఒక్కడేనా?"

భంగార్‌వాలా వైపు లేచిన చెయ్యి ఆయన దించాడు.

"ఇటు దిక్కు నుంచి ఆయన వెతుకుతుండె, అటు దిక్కు నుంచి నువ్వు వెతుకుతుంటివి. అన్ని వేల పోగులల్ల. 'ఇటు లేదన్నా' అని నువ్వు అరుస్తనే గద, ఆయన అటు దిక్కు ఇడిచిపెట్టి ఇటు చూస్తుండె. పోగు దొరికింది ఆయనకు. నువ్వు చేసింది పని కాదా మరి?"

సాంచాలు ఆగిన ఆదివారం కాబట్టి వాడ నిశ్శబ్దంగా ఉంది. మరిది కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అద్దాలకు ఏమీ లేదు.

"నా గొంతు గట్టిగుంటుండె అప్పుడు," అన్నాడు. తర్వాత భంగార్‌వాలా వైపు తిరిగి, "ఉతారో భాయ్, దించు," అన్నాడు.

భంగార్‌వాలా ఒప్పుకోలేదు. పిలిచి వట్టి బండితో పంపుతారా అని లేచాడు. చివరికి మరిది తన ఇంట్లో మూడేళ్ళుగా తిరగని టేబుల్ ఫ్యాన్ తెచ్చి బండి మీద పెట్టాడు. దగ్గే కంప్యూటర్‌ను ఏడుగురు ఆడవాళ్ళూ ఊరేగింపులా లోపలికి మోసుకుపోయారు. బతుకమ్మ సామాను అల్మారా మీదికెక్కింది. మీదికి చేతులందే మనిషి నేనే కాబట్టి ఆ పని కూడా నా పదవుల్లో చేరింది.

ఇప్పటికీ ఆ పడవాయన ఖబర్ ఎవరూ చదవలేదు. నేను వారం వారం కట్టలు మోస్తూనే ఉన్నాను. బియ్యం డబ్బాలో కాదు, చీరల మూట పైనే పెట్టుకుని పోతాను. కోడలి ఇల్లు మూడో అంతస్తు. మెట్లెక్కే దాకా ఆగలేక అది బాల్కనీలోంచి వంగి "ఏమైంది అత్తమ్మా?" అని అడుగుతుంది. నేను కింద వీధిలోంచే, ఉన్న గొంతంతా పెట్టి "దొరకలే!" అని అరుస్తాను. రెండో అంతస్తు గుజరాతీ ఆమె ప్రతివారం కిటికీ తెరిచి చూస్తుంది.

"శుఁ ఖోవాయుఁ, మాసీ?" ఏం పోయింది పిన్నీ అని.

"నాది కాదమ్మా," అంటాను. "పడవాయనది."